కారే శ్లాబుకే సభ్యత్వం

మా కాకినాడలో వాన రెండుసార్లు కురుస్తుంది. ముందు ఊరి మీద, ఆ తరవాత ఇంట్లో. ఊరి మీద కురిసేది గంటలో ఆగిపోతుంది. ఇంట్లోది మర్నాడు మధ్యాహ్నం దాకా బొట్టుబొట్టుగా సాగుతుంది.

ఈ రెండో వాన గురించి చెప్పుకుని ఏడవడానికి నాలుగేళ్ళ కిందట ఇంటర్నెట్టులో ఒక చర్చా వేదిక పుట్టింది. పేరు ‘మన శ్లాబు – మన బాధ’. పుట్టించినవారు వేమవరపు పరాంకుశంగారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చేతిలో ఫైలు లేకపోయినా ఉన్నట్టే నడుస్తారు. వారి పడకగది శ్లాబు కారడంతో వేదిక మొదలైంది. ఆరు నెలలకే ఆరువేలమంది చేరారు. కారే శ్లాబులకు కులం, మతం, జిల్లా లేవని అప్పుడే తెలిసింది.

మోడరేటర్లం ముగ్గురం. పరాంకుశంగారు ప్రధాన మోడరేటరు. కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన హైమవతిగారు రెండోవారు. మూడోవాణ్ణి నేను, గంటి నరసింగరావు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఫిర్యాదుల విభాగంలో పనిచేశాను. ఫిర్యాదు తీసుకోవడం బాగా వచ్చు. పోస్టులు తీసేసే బటన్ నొక్కడం హైమవతిగారి పని, నా పని. పరాంకుశంగారు సూత్రాలు మాత్రం చెప్పేవారు.

మొదట్లో ఒకటే నిబంధన: ‘సభ్యులు ఒకరినొకరు గౌరవించుకొనవలెను.’ ఈలోగా ఎవరో రంగుల వ్యాపారి దూరాడు. రోజుకు పదిహేడుసార్లు తన డబ్బా ఫొటో పెట్టేవాడు. ‘బాత్రూం పైన కారుతోంది’ అంటే డబ్బా. ‘వంటగది గోడ చెమ్మెక్కింది’ అంటే డబ్బా. ‘మా నాన్నగారు పోయారు, పది రోజులు వేదికలోకి రాలేను’ అంటే దాని కిందా డబ్బాయే. దాంతో రెండో నిబంధన వచ్చింది: ‘వేదికలో మార్కెటింగు చేయరాదు.’ అందరం చప్పట్లు కొట్టాం. అది న్యాయమైన నిబంధనే. ఆ మాట నేను ఈరోజుకీ అంటాను.

కిందటి జూన్‌లో గుబ్బల మాణిక్యం అనే ఆవిడ సభ్యురాలిగా చేరింది. నలభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న జగన్నాథపురంలో పేరున్న తాపీమేస్త్రీ. చిన్నప్పటి నుంచి ఆయన వెనకాల సిమెంటు తట్ట మోసి, ఆయన పోయాక ఆయన తాపీ, నలుగురు కూలీల బాధ్యత తను తీసుకుంది. పని తెలుసు. పిలిచేవాళ్ళే లేరు. ఆడమనిషి శ్లాబెక్కి మేస్త్రీపని చెయ్యడమేమిటని జనం అనుమానం. నలుగురు కూలీల్లో ఇద్దరు అప్పటికే హైదరాబాదు పోతామంటున్నారు. ఎవరో చెబితే మా వేదికలో చేరి ఇలా రాసింది:

‘నమస్కారం అండి. నా పేరు మాణిక్యం. శ్లాబు కారకుండా చేస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆగకపోతే మళ్ళీ వచ్చి ఊరికే చేస్తాను.’ కింద ఫోన్ నంబరు.

నాలుగు నిమిషాల్లో తీసేశాను. ‘మీ పోస్టు నిబంధన 2 ప్రకారము తొలగించబడినది. దీనిని ప్రథమ హెచ్చరికగా భావించవలెను’ అని కబురు కూడా పెట్టాను.

వెంటనే జవాబొచ్చింది. ‘తప్పయిపోయిందండి. రూలుందని తెలీదండి. ఏం చేస్తే తప్పు కాదో కాస్త చెబుతారా అండి?’

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నిజంగానే ముచ్చటేసింది. ‘నంబరు పెట్టకండి. నెల రోజులు చదవండి. ఎవరికైనా సందేహమొస్తే తెలిసింది చెప్పండి. మనుషులు మిమ్మల్ని ఎరిగాక వాళ్ళే అడుగుతారు’ అని రాశాను. అది నా సలహాల్లో ఉత్తమమైనది. ఆవిడ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తంటా అక్కడే వచ్చింది.

నెలంతా ఆవిడ ఒక్క నంబరు పెట్టలేదు. అడిగినవాళ్ళకి ఓపిగ్గా చెప్పేది. ఫ్యాను కొక్కెం నుంచి నీళ్ళు కారుతున్నాయని ఒక లెక్కల మాస్టారు మూడేళ్ళుగా వాపోతున్నారు. మేమంతా మూడేళ్ళుగా ఆయన్ని ఓదారుస్తున్నాం. మాణిక్యం రెండు ప్రశ్నలడిగింది. ‘మీద నీళ్ళ ట్యాంకు దిమ్మ ఉందాండి? దాని పక్కన ఎండలో కూడా పాచి ఉంటోందాండి?’ ఉందన్నారాయన. ‘అయితే కారేది వాన కాదండి, మీ ట్యాంకేనండి. గొట్టం అతుకు చూపించండి.’ చూపించారు. ఆగిపోయింది. ఆయన పట్టలేని సంతోషంతో ‘మాణిక్యంగారి చలవ!’ అని వేదికలో రాశారు. దాని కింద నూట నలభైమంది దణ్ణాలు పెట్టారు.

ఆ వారం మోడరేటర్ల సమావేశం పరాంకుశంగారింట్లో జరిగింది. సమావేశాలన్నీ అక్కడే. హాల్లో మధ్యన బల్ల, బల్ల పక్కన బకెట్టు. మేం మాట్లాడుతుంటే బకెట్టులో బొట్టు పడుతుండేది.

‘‘ఇది పరోక్ష మార్కెటింగ్’’ అన్నారు హైమవతిగారు. ‘‘సభ్యుడు ప్రశంసించాడు. ప్రశంస వల్ల ఇతర సభ్యులలో కోరిక జనించింది. కోరికను జనింపజేయుటయే కదా మార్కెటింగ్ నిర్వచనము?’’

‘‘ఆవిడ ప్రశంసించుకోలేదు కదండీ, మాస్టారు ప్రశంసించారు’’ అన్నాను.

‘‘అది మరీ ప్రమాదకరం’’ అన్నారు పరాంకుశంగారు. ‘‘తనను తాను పొగడుకొనువానిని ఎవరూ నమ్మరు. ఇతరులు పొగిడినచో నమ్ముదురు. కావున ఇది అధిక తీవ్రత గల నేరము.’’

అలా 2(అ) వచ్చింది: ప్రశంస నిషిద్ధం. కానీ ప్రశంసకి మూలం సలహా. సలహా ఉన్నంతకాలం ప్రశంస పుడుతూనే ఉంటుంది. అందుకని ఆ సమావేశంలోనే, టీ చల్లారకముందే, 2(ఆ) కూడా ఆమోదించాం. పరాంకుశంగారు చెప్పగా నేను రాసుకున్నాను.

‘‘సమస్యను వర్ణించవచ్చును. పరిష్కారమును సూచించరాదు. ఏలయన పరిష్కారమునకు వస్తువు కావలెను. వస్తువు కావలెనన్న కొట్టు కావలెను. కొట్టనిన పిదప మార్కెటింగ్ కాక మరేమి?’’

బకెట్టులో బొట్టు పడింది. ఎవరూ ఆక్షేపించలేదు.

మర్నాడు మాణిక్యం రాసినవి ముప్ఫై ఒక్క సలహాలు తీసేశాం. ఆవిడ విచారణ కోరింది. నిబంధనల్లో విచారణ ఉంది కాబట్టి పిలిచాం.

చేతిసంచీతో, జిల్లేడుపువ్వు రంగు చీరలో వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముందు బకెట్టు చూసింది, ఆ తరవాత తలెత్తి పైకి చూసింది.

‘‘మీ వివరణ ఏమిటి?’’ అన్నారు పరాంకుశంగారు.

‘‘వివరణేముందండి. అడిగారు, చెప్పాను. నంబరు పెట్టలేదు, పైసా అడగలేదు. ఈ బాబుగారే చెప్పమన్నారండి’’ అని నావైపు చెయ్యి చూపించింది. నేను బకెట్టు వైపు చూశాను.

‘‘మీకు సమాధానము తెలిసియుండుటయే ఇచ్చట సమస్య’’ అన్నారు హైమవతిగారు. ‘‘తెలియనివారు చెప్పినచో అది చర్చ. తెలిసినవారు చెప్పినచో అది వ్యాపారం.’’

‘‘అయితే తెలీనట్టు చెప్పమంటారాండీ?’’

పరాంకుశంగారు ఈ ప్రశ్నను సీరియస్‌గా ఆలోచించారు. ఆయన దేన్నైనా సీరియస్‌గానే ఆలోచిస్తారు. ‘‘అట్లు చెప్పినను అభ్యంతరకరమే. మీ అజ్ఞానము నిజమైనది కాదు.’’

మాణిక్యం మళ్ళీ పైకి, తలుపు తెరిచి ఉన్న పడకగదిలోకి చూసింది. ‘‘అయ్యగారండీ, మీ మేడమీద వాననీళ్ళు పోయే తూము, గచ్చు కన్నా ఎత్తున ఉండుంటుందండి. నీళ్ళు నిలబడి పిట్టగోడ మూలలోంచి దిగుతున్నాయి. ఆ పడకగదిలో పెచ్చు చూడండి, పొట్ట దిగి ఉంది. ఎప్పుడో...’’

‘‘అది ఎజెండాలో లేదు’’ అన్నారు పరాంకుశంగారు.

లోపల గుమ్మం దగ్గర ఆయన భార్య త్రిపురమ్మగారు నిలబడి వింటున్నారు.  మాణిక్యం వెళ్ళాక పడకగదిలోకి వెళ్ళి ఆ పెచ్చు కేసి చాలాసేపు చూశారు.

తరవాతి వారాల్లో నిబంధనలు వానాకాలపు గడ్డిలా పెరిగాయి. ఒకాయన ‘ఏం చెయ్యాలో చెప్పండి బాబూ’ అని అడిగితే, అది గిరాకీని సృష్టించడమని తీసేశాం. ఒకావిడ ‘దేవుడి దయవల్ల మా శ్లాబు కారడం మానేసింది’ అని రాస్తే, అది ఇతరులలో ఆశ పుట్టించేది కాబట్టి తీసేసి, కారడం మానేసిన శ్లాబు యజమానికి బాధితుల వేదికలో పనేమిటని సభ్యత్వం కూడా రద్దు చేశాం. అది 2(ఉ): ‘శ్లాబు కారుట సభ్యత్వమునకు కనీస అర్హత. ఇది మోడరేటర్లకును వర్తించును.’ ఆ చివరి వాక్యం పరాంకుశంగారు తానుగా చేర్చించారు. తనకు వర్తించని నిబంధన ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. అది ఆయన గొప్పతనం.

పరిష్కారాలు లేకపోయేసరికి వర్ణనలు వికసించాయి. కారుడు మీద సీసపద్యాలొచ్చాయి. ఒకాయన తన హాల్లో ఏడు గిన్నెలు పెట్టి సరిగమలు వినిపించాడు. ‘ఈ మాసపు ఉత్తమ కారుడు’ అని బహుమతి పెట్టాం. సభ్యులు తొమ్మిదివేలయ్యారు. ‘ఈ మాసంలో ఒక్క సభ్యుని సమస్యయు పరిష్కారము కాలేదు’ అని నివేదికలో సగర్వంగా రాసుకున్నాం.

మాణిక్యం ఇంకా సభ్యురాలే. వాళ్ళ రెండు గదుల శ్లాబూ కారేది. పనే దొరకనివాళ్ళకు సొంతింటి మీద పోసే సిమెంటు మాత్రం ఎక్కడిది? ఆవిడ ఇప్పుడు సలహాలివ్వడం మానేసింది. ఊరికే చదివేది. ఒకరోజు ఎవరో ముసలాయన మంచం తడిసిపోయి రాత్రంతా కూర్చునే ఉన్నానని రాస్తే, దానికింద ‘అయ్యో’ అని ఒక్కమాట రాసింది.

దాన్ని కూడా తీసేశాం. ‘వృత్తినిపుణుల సానుభూతి వ్యాపారాత్మకమైనది’ అన్నారు హైమవతిగారు. మాణిక్యాన్ని నిరవధికంగా సస్పెండు చేశాం. ఆవిడకి కబురు పెట్టింది నేనే. ఈసారి జవాబు రాలేదు. ఆ వారమే ఆవిడ కూలీలిద్దరూ హైదరాబాదు రైలెక్కేశారని తరవాత తెలిసింది.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. తీసేసిన పోస్టులు మాయమైపోవు. అవన్నీ ఒక చోట పోగవుతాయి. అవి మోడరేటర్లకే కనపడతాయి. పరాంకుశంగారు ఒక్కటీ చదివేవారు కాదు. ‘‘నిషేధించినదానిని చదువుట నిషేధమును ఉల్లంఘించుటయే’’ అనేవారు. నేను చదివాను. పదకొండు వందల పోస్టులు. శ్లాబు బాగుచేసుకోవడం గురించి అంతకన్నా మంచి పుస్తకం జిల్లాలో లేదు. ఆగస్టు చివర నాలుగు రోజులు ఎండ కాస్తే, ఆ పోగులోంచి నంబరు తీసి మాణిక్యానికి ఫోన్ చేశాను.

వచ్చింది. మిగిలిన ఇద్దరు కూలీలతో మూడు రోజుల్లో పని ముగించింది. నేను తీసేసిన పోస్టుల సంగతి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, ‘‘నా సస్పెన్షను ఎప్పుడు తీస్తారండీ?’’ అంది.

‘‘పరిశీలనలో ఉందమ్మా’’ అన్నాను. ‘‘మా ఇంటి పని సంగతి ఎవరితోనూ...’’

‘‘నేనెందుకంటానండి’’ అంది. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ సెప్టెంబరంతా మా ఇంట్లో ఒక్క బొట్టు పడలేదు. నాకు నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు.

అక్టోబరు చివర వాయుగుండం పట్టింది. మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక త్రిపురమ్మగారు నడుం వాల్చి, కాఫీ డికాక్షన్ గుర్తొచ్చి లేచారు. వంటింటి గుమ్మం దాటారో లేదో, పడకగదిలో చాటంత పెచ్చు ఊడి దిండు మీద పడింది. ఆవిడ తల ఉండే చోటే.

పరాంకుశంగారు పరుగున వచ్చి దిండుని చూశారు, భార్యని చూశారు. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని జరిగింది రాశారు. మంచి భాషలో, మూడు పేరాల్లో. సాయంత్రానికి నాలుగు వందలమంది విచారం వెలిబుచ్చారు. ఇరవైమంది దాన్ని ఆ నెల బహుమతికి ప్రతిపాదించారు. ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడం నిషిద్ధం.

అది చదివి నేనూ హైమవతిగారూ పరుగెత్తుకెళ్ళాం. ఆయన తెర వంక చూస్తూ కూర్చున్నారు. ‘‘నాలుగు వందల స్పందనలొచ్చాయి నరసింగరావుగారూ’’ అన్నారు. ‘‘ఇప్పుడు మేం ఎక్కడ పడుకోవాలో ఒక్కళ్ళూ చెప్పరేమండీ?’’ ఆయన మామూలు తెలుగు మాట్లాడగా వినడం నాకదే మొదలు.

త్రిపురమ్మగారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చీర కొంగుకి సున్నం అంటుకుని ఉంది.

‘‘మీ ఇంట్లో కారట్లేదంటగా. మీ ఆవిడ చెప్పింది.’’

నేను జేబులో ఫోన్ తడుముకున్నాను.

‘‘మీ ఇంట్లోనూ కారట్లేదంటగా’’ అన్నారు హైమవతిగారితో. ‘‘మీ పక్కింటావిడ చెప్పింది.’’

నేను హైమవతిగారి వైపు చూశాను. ఆవిడ నావైపు చూశారు. ఆవిడా మాణిక్యం చేతే చేయించుకున్నారట, నా తరవాత పది రోజులకి. మాణిక్యం ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

‘‘ఆ అమ్మాయి నంబరివ్వండి’’ అన్నారు త్రిపురమ్మగారు. ఇచ్చాను.

మాణిక్యం గంటలో వచ్చింది, ఆ వానలోనే. మేడెక్కి తూములో అడ్డుపడ్డ చెత్త తోడేసి, తూము కింది అంచు కొట్టి దించి, నిలిచిన నీళ్ళు పంపించి, పెద్ద పట్టా కప్పి నాలుగు మూలలా ఇటుకలు పేర్చింది. దిగొచ్చేటప్పటికి నిలువునా తడిసి ఉంది. ‘‘ఈ రాత్రికి ఇంకేం పడదండి. వానలు తగ్గాక మూలలు కొట్టి గచ్చు వాలుగా పోస్తాను’’ అంది.

పరాంకుశంగారు తువ్వాలు తెచ్చి తనే స్వయంగా అందించారు. ‘‘అమ్మా, ఆవేళ నువ్వు చెప్పబోయావు. ఎజెండాలో లేదన్నాను.’’

‘‘పోనిద్దురూ. అమ్మగారికి ఏం కాలేదు, అంతే చాలండి’’ అంది తల తుడుచుకుంటూ.

నవంబరు రెండో వారానికి వారి శ్లాబు పూర్తయింది. ఆ మర్నాడే సమావేశం. బకెట్టు లేదు. పరాంకుశంగారు రాజీనామా రాసి బల్లమీద పెట్టారు. ‘నా శ్లాబు కారుట మానినందున 2(ఉ) ప్రకారము అనర్హుడనైతిని.’

‘‘మేమూ అనర్హులమేనండి’’ అన్నాను. ‘‘నేను ఆగస్టు నుంచి, హైమవతిగారు సెప్టెంబరు నుంచి.’’

ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ముఖంలో ఒక వెలుగొచ్చింది. పాత ఫైల్లో పోయిన కాగితం దొరికినప్పుడు గుమాస్తా ముఖంలో వచ్చే వెలుగు అది.

‘‘అట్లయినచో ఆగస్టు నుండి మీరిద్దరును చేసిన తొలగింపుల మాట ఏమి? అర్హత లేని అధికారి ఇచ్చిన ఉత్తర్వు చెల్లదు. అది మొదటి నుండియు లేనట్లే లెక్క. తొలగింపులన్నియు రద్దు!  ఆగస్టుకు ముందువి కూడ తిరిగి పెట్టుడు. తొలగించువాడు చాటుగా వాడుకొనదలచిన సలహాను తొలగించుట దురుద్దేశము. ఆమె సస్పెన్షనును అట్టిదే, అదియు రద్దు!’’

హైమవతిగారు నోరు తెరిచి, నిబంధనల పుస్తకం తిరగేసి, మూసేశారు. ఆక్షేపించడానికి ఏమీ దొరకలేదు. ఆ పుస్తకం రాసింది మేమే.

చెల్లని ఉత్తర్వును సరిదిద్దడానికి అర్హత అక్కర్లేదని పరాంకుశంగారు తేల్చాక, ఆ మధ్యాహ్నం నేనొక్కణ్ణే కూర్చుని ఆ పోగులోని పోస్టులన్నీ తిరిగి పెట్టాను. ట్యాంకు దిమ్మల గురించి, పిట్టగోడ మూలల గురించి, తూముల గురించి. మాణిక్యం పేరుతో, నంబరుతో, దణ్ణాలతో సహా. వేదికలో గంటసేపు ఎవరూ ఏమీ రాయలేదు. అందరూ చదువుతున్నారు. ఆ తరవాత జనం మేడలెక్కడం మొదలుపెట్టారు.

డిసెంబరు మూడో వారంలో మాణిక్యం మళ్ళీ పరాంకుశంగారింటికి వచ్చింది. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. హైదరాబాదు వెళ్ళిన కూలీలిద్దరూ తిరిగొచ్చేశారట, ఇప్పుడు మొత్తం పదకొండుమంది. మనిషి చిక్కింది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. చేతిలో ఫోన్ ఆగకుండా మోగుతోంది.

‘‘అయ్యగారండీ, మీకు దణ్ణం పెడతాను, నా నంబరు తీసేయించండి. ఒంగోలు నుంచి చేస్తన్నారు, కర్నూలు నుంచి చేస్తన్నారు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనివ్వట్లేదండి. సలహాలుంచండి, నంబరొక్కటీ తీసెయ్యండి.’’

పరాంకుశంగారు ఇబ్బందిగా కదిలారు. ‘‘తిరిగి పెట్టిన పోస్టును తీయవలెనన్న మోడరేటరు కావలెను. మోడరేటరుకు శ్లాబు కారవలెను. మా ముగ్గురివీ నువ్వే ఆపేశావు కదమ్మా.’’

‘‘కారేవాళ్ళని ఎవర్నైనా పెట్టండి మరి.’’

‘‘వెదికితిమి. ఉన్న సభ్యులందరును నీవద్ద తేదీ తీసుకుని ఉన్నారు, ఎటులను కారుట మానునని పదవికి ఒప్పుకొనుట లేదు. సామర్లకోటలో ఒకాయన ఒప్పుకున్నారు. నియామకానికి పదిహేను రోజుల గడువు ఉంది.’’

మాణిక్యం సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూసింది. ‘‘సామర్లకోటాయనదా? గురువారం పెట్టుకున్నానండి.’’

‘‘ఒక్క పదిహేను రోజులు ఆగమ్మా’’ అన్నారు పరాంకుశంగారు, దాదాపు బతిమాలుతున్నట్టు. ‘‘ఆయన శ్లాబు అంతవరకు కారనీ. నీ నంబరు తీసేయగానే వెళ్ళి బాగుచేద్దువుగాని.’’

మాణిక్యం ఆయన్ని వింతగా చూసింది.

‘‘మళ్ళీ వాయుగుండం అంటన్నారండి. ఆళ్ళింట్లో చంటిపిల్ల ఉంది’’ అంది. ఫోన్ మోగింది. చెవి దగ్గర పెట్టుకుని, ‘‘ఆయ్, మాణిక్యాన్నేనండి, చెప్పండి’’ అంటూ మెట్లు దిగింది.

గురువారం వెళ్ళి బాగుచేసేసింది. నంబరు ఇంకా అక్కడే ఉంది.